తొలకరికి ముందు పూలవిత్తనాల పొట్లం విప్పేవారికి

రోహిణి ఎండలు తగ్గుముఖం పట్టగానే చాలా ఇళ్ళలో దాచిన పూలవిత్తనాలు బయటికి వస్తాయి. బిళ్ళగన్నేరు, చంద్రకాంత, శంఖుపువ్వు, కనకాంబరం అన్నీ ఒకసారి నిలదొక్కుకుంటే ఏళ్ళ తరబడి పూసేవే. అయితే మొలక సంగతి కన్నా ముందు పిల్లల సంగతి చూసుకోవాలి.

చంద్రకాంత గింజ నల్లగా, ముడతలతో అచ్చం మిరియంలా ఉంటుంది. అది విషం. పాత పోపుడబ్బాలో గానీ వంటింటి అరలో గానీ దాన్ని ఉంచకండి. పచ్చగన్నేరు గింజ గుండె లయను దెబ్బతీస్తుంది. గురివింద గింజను నమిలితే ఒక్కటి చాలు, పసిబిడ్డ ప్రాణానికే ముప్పు. పిల్లలు తిరిగే ఇంట్లో ఈ రెండు గింజలూ దాచకపోవడమే సరైనదని గట్టిగా చెబుతాను. ఎవరైనా మింగారని తెలిస్తే వాంతులు మొదలవుతాయేమోనని ఎదురుచూడవద్దు, ఉప్పునీళ్ళు తాగించవద్దు. మిగిలిన గింజను వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, లేదా 108కి ఫోన్ చేయండి.

తల్లిమొక్క ఏదో తెలియని విత్తనం మీద ఆశలు పెట్టుకోకూడదు. నర్సరీలో కొన్న హైబ్రిడ్ బిళ్ళగన్నేరు గింజల నుంచి అదే రంగు, అదే పొట్టితనం రావాలని లేదు. ఢిల్లీ కనకాంబరం అసలు గింజే కట్టదు, కొమ్మలు నాటుకోవలసిందే. గింజ కట్టే నాటు కనకాంబరాల ఎండుకాయలను మాత్రం వాన రాకముందే కోసుకోవాలి. తడి తగిలితే చిట్లి గింజలను దూరంగా విసిరేస్తాయి.

మొదటి జల్లుకే తొందరపడి విత్తవద్దు. ఆ తరువాత వారం ఎండ కాస్తే మొలక మాడిపోతుంది. శంఖుపువ్వు గింజకు పెంకు గట్టిది. గరుకు కాగితం మీద కొద్దిగా రుద్ది రాత్రంతా నానబెట్టండి, ఉబ్బినవాటినే విత్తండి, ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దండి. దీని తల్లివేరు లోతుగా దిగుతుంది కనుక పందిరి దగ్గరే విత్తడం మంచిది. బిళ్ళగన్నేరు గింజకు వెలుతురు పనికిరాదు, పలుచగా మట్టి కప్పాలి.

వానాకాలంలో నారును ఎక్కువగా చంపేది నారుకుళ్ళు తెగులు. నిన్న నిటారుగా ఉన్న మొలక ఈరోజు మొదలు దగ్గర మెత్తబడి వాలిపోతుంది. దట్టంగా చల్లడం, నీరు నిలవడం దీనికి కారణాలు. ఎత్తు మడి, పలుచగా విత్తడం, ఉదయం పూట మాత్రమే నీరు, ఇవి పాటిస్తే చాలావరకు తప్పుతుంది. తెగులు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిసేలా పోయండి. చేతికి తొడుగులు మరవకండి.

తల్లిమొక్క చుట్టూ తమంతట తాము మొలిచిన పిల్లమొక్కలంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ. మీ మట్టి, మీ ఎండ వాటికి అప్పటికే అలవాటు. అందుకే వానలు మొదలయ్యాక కలుపుతీత కాస్త ఆపి, నాలుగైదు ఆకులు వచ్చాక పోల్చుకుని, సాయంత్రం పూట వేళ్ళకు మట్టి అంటి ఉండగానే పెళ్ళగించి నాటండి. ఒక్క వయ్యారిభామ కలుపుమొక్క విషయంలో మాత్రం మెతకదనం వద్దు. లేతగా ఉన్నప్పుడు దాని ఆకు చామంతి ఆకును తలపించి మోసం చేస్తుంది. ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు రావచ్చు. పూత పట్టకముందే తొడుగులు వేసుకుని వేరుతో సహా లాగేయండి.