రంది పట్టుకుంటే ఏం చేయాలి? దేవుని మీద భారం వేయడం ఇలా

"దేవుని మీద భారం వేయమ్మా" అని మన సంఘాల్లో అందరూ అంటారు, కానీ ఎట్లా వేయాలో చెప్పేవాళ్లు తక్కువ. మిత్తి పెరుగుతుంటే, గల్ఫ్‌కు పోయిన కొడుకు ఫోన్ ఎత్తకుంటే, ఆ ఒక్క మాటతో నిద్ర పట్టదు. అందుకే చేయాల్సిన పనులు ఒక్కొక్కటిగా రాస్తున్నాను.

1. రంది ఏంటో కాగితం మీద పెట్టండి

"అంతా టెన్షనే" అని కాదు. "పదో తారీఖుకు కిస్తీ కట్టాలి, చేతిలో పైసలు లేవు" అని రాయండి. పేరు లేని బుగులే రాత్రిపూట ఎక్కువగా పెరుగుతుంది.

2. రాసిందే దేవునితో చెప్పండి

"దేనినిగూర్చియు చింతపడకుడి" అని ఫిలిప్పీయులకు రాసినప్పుడు అపొస్తలుడైన పౌలు బంధకాల్లో, అంటే జైల్లో ఉన్నాడు. కాబట్టి అది సుఖంగా ఉన్నవాడు ఇచ్చిన సలహా కాదు. అదే వచనంలో ప్రతి విషయం దేవునికి తెలియజేయమన్నాడు, ప్రతి విషయం అంటే కిస్తీ కూడా. ఆదివారం ఆరాధనలో వాడే పెద్ద మాటలు అక్కర్లేదు, ఇంట్లో అమ్మతో మాట్లాడినట్టే మాట్లాడండి, ఏడుపొస్తే ఏడవండి. 13వ కీర్తనలో దావీదు "ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని సూటిగా అడిగాడు, దేవుడు ఆ ప్రార్థనను బైబిల్లోనే ఉంచాడు. చివర్లో ఈ రోజు అందిన మేలు ఒక్కటైనా గుర్తు చేసుకుని కృతజ్ఞత చెప్పండి. పౌలు దాన్నీ కలిపే చెప్పాడు.

3. మీ పని ఏది, దేవుని పని ఏది?

అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే అని నా నమ్మకం. పత్తి రైతునే తీసుకోండి. తేమ 12 శాతం దాటితే సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కొనదు, 8 శాతం దాటినా ధర కోస్తారు. పత్తిని ఎండకు ఆరబెట్టడం, రాత్రి మంచు పడకుండా కప్పడం, మార్కెట్‌కు తీసుకుపోయే ముందు తేమ చూపించుకోవడం రైతు చేతిలో ఉన్నవి. వానను ఆపడం, వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో రేపటి ధరను పెంచడం ఆయన చేతిలో లేవు. మీ కాగితం మీద కూడా ఇట్లాగే రెండు వరుసలు గీసి, మొదటి వరుసలోవి ఈ రోజే మొదలుపెట్టండి, రెండో వరుసను ప్రార్థనలో ఒక్కొక్కటిగా చదివి దేవునికి అప్పజెప్పండి. యెరూషలేము గోడ కట్టేటప్పుడు శత్రువుల భయం పట్టుకుంటే నెహెమ్యా వాళ్లు ప్రార్థనా చేశారు, రాత్రింబగళ్లు కావలీ పెట్టారు. మన మెదక్ చర్చి చరిత్ర కూడా అంతే. కరువు రోజుల్లో జనానికి ప్రార్థన ఒక్కటే నేర్పి ఊరుకోకుండా ఆ కట్టడంలో పనిచ్చి కూడు పెట్టారు, 1924 క్రిస్మస్ రోజున దాన్ని ప్రతిష్ఠించారు.

మరునాడు పొద్దున లేవగానే అదే రంది మళ్లీ వస్తుంది. వస్తే విశ్వాసం పోయిందని కాదు, మళ్లీ అప్పజెప్పండి. యేసుప్రభువు "ఏనాటికీడు ఆనాటికి చాలును" అన్నాడు కాబట్టి ఆ రోజు వరకే అడగండి, వచ్చే ఏడు పెళ్లి ఖర్చు ఇప్పుడే లెక్కేయకండి.

4. తినండి, పడుకోండి

ఏలీయా ప్రవక్త ప్రాణం విసిగి చావు కోరుకున్నప్పుడు దేవుడు ముందు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్లు పంపించాడు, తర్వాతే మాట్లాడాడు. రాత్రి పడుకునేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టండి.

5. ఒక్కరికైనా చెప్పండి

గెత్సేమనేలో యేసు కూడా తన దుఃఖాన్ని ముగ్గురు శిష్యులకు చెప్పి, తనతో మెలకువగా ఉండమని అడిగాడు. మీరు కూడా పాస్టర్ అయ్యగారికో, ప్రార్థన కూడికలో నోరు జారని ఒక అక్కకో చెప్పుకోండి. వినేవాళ్లకు నా విన్నపం: "నీకు విశ్వాసం తక్కువ" అనే మాట అనకండి. ఆ మాట పడ్డ మనిషి మళ్లీ నోరు విప్పడు. పక్కన కూర్చొని చేయి పట్టుకుని ప్రార్థించండి, వీలైతే బ్యాంకుకు తోడు వెళ్లండి.

6. డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

వారాల తరబడి నిద్ర లేకున్నా, గుండె దడ తగ్గకున్నా, పని మీద మనసు పెట్టలేకపోతున్నా మానసిక వైద్యుణ్ని కలవండి. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే, వైద్యం దేవునికి పోటీ కాదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగకండి, ఇంట్లోవాళ్లను లేపి చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ, పైసలు పడవు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు. డాక్టరు మందులు రాస్తే వాడండి, ఉపవాస ప్రార్థన మొదలుపెట్టామని మధ్యలో సొంతంగా ఆపకండి.