లైఫ్ సర్టిఫికెట్‌కు ముఖం తీసుకోవట్లేదా? ముందు ఎక్కడ ఆగిందో చూడండి

నవంబర్ వచ్చిందంటే, బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ కోసం పెన్షనర్లు ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. "బాబూ, నాలుగు రోజుల నుంచి ముఖం చూపిస్తూనే ఉన్నా, తీసుకోవట్లేదు" అంటారు. ఇంట్లోవాళ్లు అప్పటికే కళ్లజోడు తీయించి, ట్యూబ్‌లైటు కింద కూర్చోబెట్టి, వెనకాల తెల్ల దుప్పటి కట్టి, యాప్ మూడుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించి ఉంటారు. ఎవరూ చూడనిది ఒక్కటే. ఆ ఫొటో ఆధార్ సర్వర్ దాకా వెళ్లిందా, ఫోన్‌లోనే ఆగిపోయిందా? అది తేల్చుకోకుండా ఎన్నిసార్లు ప్రయత్నించినా పెద్దవాళ్లను అలసిపోయేలా చేయడమే అవుతుంది.

లైఫ్ సర్టిఫికెట్ చేసే జీవన్ ప్రమాణ్ యాప్ ఫోన్‌లో ఉందని, పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నంబరు, బ్యాంకు ఖాతా నంబరు దగ్గర పెట్టుకున్నారని అనుకుని రాస్తున్నాను.

ముఖాన్ని చూసేది నిజానికి జీవన్ ప్రమాణ్ కాదు. అది ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే మరో యాప్‌ను పిలుస్తుంది. ఎదురుగా ఉన్నది ఫొటో కాదు, బతికున్న మనిషేనని ఆ యాప్ కళ్లు ఆర్పించి తేల్చుకుంటుంది. ఇది మొదటి గేటు, ఫోన్‌లోనే ఉంటుంది. అది దాటాక ఫొటో ఆధార్ సర్వర్‌కు వెళ్తుంది. మీరిచ్చిన ఆధార్ నంబరు కింద దాచి ఉన్న ముఖంతో సర్వర్ దాన్ని పోల్చి, అవునో కాదో చెబుతుంది. అది రెండో గేటు.

ఏ గేటు దగ్గర ఆగిందో తెలుసుకోవడానికి మైఆధార్ వెబ్‌సైట్‌లోకి ఓటీపీతో వెళ్లి 'ఆథెంటికేషన్ హిస్టరీ' తెరవండి. గత ఆరు నెలల్లో ఆ ఆధార్ నంబరు మీద జరిగిన ప్రయత్నాలు తేదీ, సమయంతో సహా అక్కడ కనిపిస్తాయి. ఫెయిలైన వాటి పక్కన ఒక ఎర్రర్ కోడ్ ఉంటుంది. ఆధార్‌కు ఈమెయిల్ ఇచ్చి ఉంటే ఆ సమాచారం మెయిల్‌కూ వస్తుంది. రెండు నిమిషాల పని. దయచేసి ఇది చేశాకే మిగతాది చదవండి.

హిస్టరీలో మీ ప్రయత్నం లేనే లేదు

అంటే ఫొటో ఫోన్ దాటలేదు, లేదా వేరేవాళ్ల ఆధార్ నంబరు మీద వెళ్లింది. ఆ రెండోది 330 దగ్గర చెబుతాను. ముందుగా ఫేస్ ఆర్‌డీ నిజంగా ఉందో లేదో చూడండి. దానికి స్క్రీన్ మీద ఐకాన్ ఉండదు. అందుకే చాలామంది ఎక్కలేదనుకుని వెతుకుతూనే ఉంటారు. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలో కనిపిస్తే ఉన్నట్టే. దానికి కెమెరా పర్మిషన్ ఇవ్వండి, పాత వెర్షన్ అయితే అప్‌డేట్ చేయండి.

లైటు, కళ్లజోడు సంగతి చూడాల్సింది ఇక్కడే. వెలుతురు ముఖం మీద పడాలి, కిటికీకి వీపు పెట్టి కూర్చోకూడదు. ఫోన్ కంటి ఎత్తులో ఉండాలి. మనవళ్లు పక్కనుంచి తొంగిచూడకూడదు. కంటి ఆపరేషన్ అయినవాళ్లు రెప్ప నిదానంగా వేస్తారు. అలాంటివాళ్లకు "పూర్తిగా మూసి, పూర్తిగా తెరవండి" అని నెమ్మదిగా చెప్పండి. రూట్ చేసిన (కంపెనీ పెట్టిన కట్టుబాట్లు తీసేసిన) ఫోన్ అయితే దాంతో కుస్తీ పడకుండా ఇంకో ఫోన్ తీసుకోండి.

561 లేదా 562

ఫోన్‌లో తేదీ, టైము తప్పు. 561 అంటే ఫోన్ గడియారం వెనకబడింది, 562 అంటే ముందుకు పోయింది. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆన్ చేస్తే అయిపోయింది. బ్యాటరీ పూర్తిగా అయిపోయి చాలా రోజులు మూలన పడి ఉన్న ఫోన్లలో ఇది ఎక్కువ.

300

ముఖం వెళ్లింది, కానీ పాత ముఖంతో కలవలేదు. వేరే మంచి వెలుతురులో ఇంకో రెండుసార్లు చూడండి. అప్పటికీ 300 వస్తుంటే ఆధార్‌లో ఉన్న ఫొటో పాతదైపోయింది, లేదా మొదట్లోనే మసగ్గా తీశారు. పదేళ్ల కిందట ఫొటో దిగిన మనిషి, పళ్లు ఊడి, చిక్కిపోయిన మనిషి ఒకరే అని యంత్రం ప్రతిసారీ గుర్తుపట్టలేదు. ఫొటో మార్పు ఆన్‌లైన్‌లో జరగదు, మనిషి ఆధార్ సెంటర్‌కు వెళ్లాల్సిందే. అప్‌డేట్ పూర్తయిందని తేలాకే మళ్లీ ప్రయత్నించండి. ఈలోగా ఐరిస్ (కంటిపాప) గానీ వేలిముద్రలు గానీ పడతాయేమో మీసేవలో చూడొచ్చు.

330

నన్ను బాగా ఏడిపించింది ఇదే. 330 అంటే ఆధార్ బయోమెట్రిక్స్‌ను సొంతదారే లాక్ చేసుకున్నారని అర్థం. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు చేసి ఖాతాల్లో డబ్బు లాగేస్తున్నారని వార్తలు వచ్చాక, దూరాన ఉన్న పిల్లలు అమ్మానాన్నల బయోమెట్రిక్స్ లాక్ చేశారు. మంచి పనే చేశారు. కానీ వేలిముద్రలకే తాళం పడిందని అనుకుంటారు. ఐరిస్‌కూ, ముఖానికీ కూడా పడుతుంది. లాక్ వేసిన సంగతి పెద్దవాళ్లకు ఎవరూ చెప్పరు, వేసినవాళ్లు ఏడాదికి మర్చిపోతారు. ఇక్కడ స్క్రీన్ మీద ఆ సంగతి చెప్పే ఇంగ్లిష్ వాక్యం ఒక్క క్షణం మెరిసి పోతుంది. "లైటు సరిపోలేదేమో" అని అందరూ మళ్లీ మొదలుపెడతారు.

ఒక ఏడాది ఒక రిటైర్డ్ మాస్టారిని వాళ్లబ్బాయి తీసుకొచ్చాడు. సెలవుకు అమెరికా నుంచి వచ్చాడు. లాక్ సంగతి నేనే అడిగాను. "అవునండీ, నాన్నగారిది నేనే వేశాను" అని అక్కడికక్కడే తీశాడు. అయినా ఫెయిల్. తాత్కాలికంగా తీసిన లాక్ పది నిమిషాల్లో దానంతటదే మళ్లీ పడుతుంది కాబట్టి టైము దాటిందనుకుని ఇంకోసారి తీయించాను. ఫెయిల్. అలా నాలుగుసార్లు. మాస్టారికి మెడ నొప్పి పుట్టింది. చివరికి ఆయన హిస్టరీ తెరిస్తే ఆ రోజు ఒక్క ప్రయత్నం కూడా నమోదై లేదు! అప్పుడు వెలిగింది. అబ్బాయి హిస్టరీ తెరిపించాను. వరసగా నాలుగు 330లు.

సంగతేమిటంటే, జీవన్ ప్రమాణ్ యాప్ కొత్త ఫోన్‌లో పెన్షనర్ కంటే ముందు ఆపరేటర్ ముఖం అడుగుతుంది. ఆపరేటర్ అంటే ఆ ఫోన్‌లో పని చేస్తున్నవాళ్లు. అబ్బాయి తన ఆధార్ నంబరే ఇచ్చాడు. తన బయోమెట్రిక్స్ కూడా లాక్ చేసుకున్నాడు. మేము తండ్రి తాళం తీస్తూ, తండ్రి ముఖం చూపిస్తూ, కొడుకు ఆధార్‌తో పోల్చమని సర్వర్‌ను అడుగుతున్నాం. స్క్రీన్ పైన 'ఆపరేటర్ ఆథెంటికేషన్' అని రాసే ఉంది. నేను చదవలేదు. ఆ పెద్దాయనను రెండు గంటలు కూర్చోబెట్టిన తప్పు నాది. అప్పటి నుంచి ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ఇదే: ఇప్పుడు ఈ స్క్రీన్ ఎవరి ముఖం అడుగుతోంది?

కాబట్టి ఆపరేటర్, పెన్షనర్ ఇద్దరి లాక్‌లూ చూడండి. పెన్షనర్ స్వయంగా ఆపరేటర్‌గా ఉండొచ్చు. అలా చేస్తే ఒక్కరి లాక్ చూసుకుంటే చాలు, నేను అదే మేలంటాను. వివరాలన్నీ నింపి, ఓటీపీలు పూర్తిచేసి, స్కాన్ దగ్గరికి వచ్చాకే లాక్ తీయండి. ముందే తీస్తే పీపీఓ కాగితం వెతికేసరికి పది నిమిషాలూ అయిపోతాయి. లాక్ శాశ్వతంగా తీసేయమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. పెన్షన్ డబ్బు పడే ఖాతా అది.

ఇంకో చిక్కుంది. లాక్ తీయడానికి ఓటీపీ ఆధార్‌తో కలిపిన మొబైల్‌కే వస్తుంది. ఆ నంబరు అబ్బాయిదై, ఆయన విదేశంలో ఉంటే ముందే ఫోన్ చేసి, ఇద్దరూ మేలుకుని ఉండే వేళ కుదుర్చుకోండి. ఆ సిమ్ ఎప్పుడో పోయి ఉంటే ఆధార్ సెంటర్‌లో నంబరు మార్పించుకోవచ్చు.

ప్రమాణ్ ఐడీ వచ్చింది, పెన్షన్ మాత్రం ఆగింది

ముఖంతో సంబంధం లేదు. ప్రమాణ్ ఐడీ అంటే లైఫ్ సర్టిఫికెట్ తయారయ్యాక దానికి వచ్చే నంబరు. అది వచ్చిందంటే మనిషి గుర్తింపు అయింది, అంతే. బ్యాంకో ట్రెజరీయో దాన్ని అంగీకరించాలి. పీపీఓ నంబరులో ఒక అంకె తప్పినా, పెన్షన్ ఇచ్చే సంస్థను తప్పుగా ఎంచుకున్నా, ఫ్యామిలీ పెన్షన్ బదులు సర్వీస్ పెన్షన్ నొక్కినా తిరగ్గొడతారు. సరైన వివరాలతో కొత్తది చేయడమే మార్గం. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు నవంబర్, 80 ఏళ్లు దాటినవారికి అక్టోబర్ 1 నుంచే గడువు మొదలవుతుంది. ఈపీఎస్-95 (పీఎఫ్ సంస్థ ఇచ్చే పెన్షన్) వాళ్లు ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది.

మిగతా కోడ్‌లు అరుదు. 100 అయితే పేరును పెన్షన్ పుస్తకంలో ఉన్నట్టు కాక ఆధార్‌లో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా రాయండి. 996, 997, 998 అయితే ముందు ఆధార్ నంబరు సరిగ్గా కొట్టారో లేదో చూసి, సరిగ్గానే ఉంటే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేయండి. మంచం దిగలేనివాళ్లను ఫోన్ ముందు కూర్చోబెట్టడానికి కష్టపడొద్దు. పోస్టాఫీసులో చెబితే పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి చేస్తారు. ఆయన వచ్చే ముందు కూడా లాక్ తీయడానికి ఓటీపీ ఫోన్ దగ్గర పెట్టుకోండి.