అప్‌డేట్ వేశాక కూడా ‘వల్నరబుల్’ అంటోందా? (సమస్య - పరిష్కారం)

భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల రైస్ మిల్లులు, రొయ్యల మేత షాపులు, నెట్ సెంటర్లలో కంప్యూటర్లు బాగుచేస్తుంటాను. ప్రాసెసర్ లోపాల మాటెత్తితే ఎక్కడైనా ఒకటే జవాబు: "అప్‌డేట్ వేసేశామండీ." వేశారు, కాదనను. మెషీన్ దాన్ని వాడుతోందా లేదా అన్నది మెషీన్‌నే అడగాలి.

ముందు జబ్బేమిటో చూద్దాం. మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు 2018 జనవరి 3న బయటపడ్డాయి. టిఫిన్ హోటల్లో రోజూ వచ్చే రాజుగారు గుమ్మంలో కనపడగానే మాస్టారు పెసరట్టు పోసేస్తాడనుకోండి. ఇవాళ ఆయన ఇడ్లీ అడిగితే అట్టు పక్కన పెడతాడు, బిల్లులో అది పడదు. కానీ వెనకాలే వచ్చినవాడు పెసరట్టు అడగ్గానే ప్లేట్లో పడిందంటే, రాజుగారి అలవాటు వాడికి తెలిసిపోయినట్టే! ప్రాసెసర్ కూడా వేగం కోసం రాబోయే పనిని ఊహించి ముందే చేసేస్తుంది. ఊహ తప్పితే ఫలితం కొట్టేస్తుంది, కానీ జాడ క్యాషెలో, అంటే ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీలో, మిగిలిపోతుంది. ఏ డేటా త్వరగా వచ్చిందో కొలిచి రహస్యం లాగుతారు. మెల్ట్‌డౌన్‌లో అయితే మామూలు ప్రోగ్రాం ఏకంగా కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మెమరీనే చదివేయగలిగింది.

ఇప్పుడు పరీక్ష. లినక్స్ టెర్మినల్లో ‘ఎల్ఎస్‌సీపీయూ’ కొట్టండి. కొత్త వెర్షన్లలో చివర ఒక్కో లోపం పేరు, పక్కన దాని స్థితి వస్తాయి. ‘నాట్ అఫెక్టెడ్’ అంటే ఆ లోపం మీ ప్రాసెసర్‌కి లేదు. ఏఎండీ మెషీన్లలో మెల్ట్‌డౌన్ దగ్గర ఇదే కనిపిస్తుంది, కంగారు పడకండి. ‘మిటిగేషన్’ అంటే కాపలా పనిచేస్తోంది. ‘వల్నరబుల్’ అంటే కాపలా లేదు, దాడికి దారి తెరిచే ఉంది. అలా ఉంటే కిందకి చదవండి.

అప్‌డేట్ వేసినా పాత కెర్నెలే చూపిస్తోంది

నేను చూసినవాటిలో ఎక్కువ ఇవే. కారణం రీబూట్ చెయ్యకపోవడం. ధాన్యం సీజన్లో మిల్లు సర్వర్ ఆపుతానంటే మేనేజరు ఊరుకోడు, కొత్త కెర్నెల్ డిస్కు మీద నెలల తరబడి పడుంటుంది. ‘యునేమ్ హైఫన్ ఆర్’ కొట్టి నడుస్తున్న వెర్షన్ చూడండి. రీబూట్ చేశాక కూడా మారకపోతే బూట్ పార్టిషన్ (డిస్కులో కెర్నెళ్ళు ఉండే భాగం) నిండిపోయి ఉంటుంది. ఉబుంటు, డెబియన్‌లలో ‘ఆప్ట్ ఆటోరిమూవ్’ కొడితే పాత కెర్నెళ్ళు పోతాయి, తర్వాత అప్‌డేట్ మళ్ళీ వెయ్యండి.

కెర్నెల్ కొత్తదే, అయినా ‘నో మైక్రోకోడ్’ అంటోంది

కొన్ని లోపాలకి కెర్నెల్ ఒక్కటే చాలదు. 2019 మేలో బయటపడ్డ ఎండీఎస్ అనే ఇంటెల్ ప్రాసెసర్ల లోపం అలాంటిదే. ప్రాసెసర్ లోపలి బఫర్లు కడగమని కెర్నెల్ చెబుతుంది, కడిగే విద్య మాత్రం మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రాం) నేర్పాలి. బయోస్ (మదర్‌బోర్డులో ఉండి మెషీన్ని లేపే ప్రోగ్రాం) అప్‌డేట్‌తో అది వస్తుంది గానీ, నేనైతే మన ఊళ్ళలో ముందు ఆ దారి పట్టను. సగంలో కరెంటు పోతే మదర్‌బోర్డు చేతిలో పెట్టుకుని కూర్చోవాలి. ఇంటెల్ మైక్రోకోడ్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి రీబూట్ చెయ్యండి. ప్రతి బూట్‌లోనూ ఆపరేటింగ్ సిస్టమే దాన్ని ఎక్కించుకుంటుంది, బోర్డుని ముట్టుకోదు. బయోస్ తప్పదనుకుంటే యూపీఎస్ బ్యాటరీ నిజంగా నిలబడుతుందో లేదో చూసి మొదలెట్టండి.

ప్యాచ్ వేశాక బిల్లింగ్ నత్తనడక నడుస్తోంది

ఇది నన్ను మూడు రోజులు తిప్పింది. మెల్ట్‌డౌన్‌కి మందుగా కెర్నెల్ పేజీ టేబుళ్ళని (మెమరీలో ఏది ఎక్కడుందో చెప్పే పట్టికలు) మామూలు ప్రోగ్రాముల నుంచి విడదీశారు. దాని పేరు కేపీటీఐ, ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన కైజర్ అనే పద్ధతి దీనికి మూలం. అంటే హోటల్లో వంటింటికి తలుపు వేశారన్నమాట. ప్రోగ్రాం కెర్నెల్‌ని పిలిచిన ప్రతిసారీ ఆ తలుపు తీసి మూయాలి. డిస్కుకి, నెట్‌వర్క్‌కి తరచూ వెళ్ళే డేటాబేస్‌లకి ఈ దెబ్బ బాగా తెలుస్తుంది, ఊరికే లెక్కలు చేసుకునే ప్రోగ్రాంకి పెద్దగా తెలియదు.

దెబ్బని తగ్గించేది పీసీఐడీ అనే సదుపాయం. అది ఉంటే తలుపు తీసినప్పుడల్లా పాత చిరునామాల పట్టీ మొత్తం చెరిపెయ్యక్కర్లేదు. ఇంటెల్ ప్రాసెసర్లలో 2010 నుంచి ఉంది, లినక్స్ 4.14 నుంచి వాడుతోంది. మేత షాపు సర్వర్‌లో ప్రాసెసర్ కొత్తదే, కెర్నెల్ కొత్తదే, అయినా బిల్లు వెయ్యాలంటే ఎదురుచూపులే. చివరికి తేలింది, అది వర్చువల్ మెషీన్, అంటే ఒక అసలు మెషీన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మెషీన్. సీపీయూ రకం ‘కేవీఎం 64’ అని పెట్టారు, అది పీసీఐడీని లోపలికి కనపడనివ్వడం లేదు. ‘హోస్ట్’ అని మార్చి, మెషీన్ని పూర్తిగా ఆపి మళ్ళీ స్టార్ట్ చేశాను. లోపల నుంచి రీబూట్ చేస్తే సరిపోదు సుమా, అలా చేసే ఒక రోజు పోగొట్టుకున్నాను.

ఇంటర్నెట్‌లో మరో చిట్కా దొరుకుతుంది, బూట్ లైన్లో (మెషీన్ లేచేటప్పుడు కెర్నెల్‌కి ఇచ్చే ఆదేశాల వరస) ‘మిటిగేషన్స్ ఈక్వల్స్ ఆఫ్’ అని రాయమని. కాపలాలన్నీ ఒక్క దెబ్బకి తీసేస్తుంది, వేగం వస్తుంది. నలుగురొచ్చి బ్రౌజర్ తెరిచే నెట్ సెంటర్లో ఇది పెట్టారంటే మీ చేత్తో మీరే గండి కొట్టినట్టు. వెబ్ పేజీలోని జావాస్క్రిప్ట్‌తో కూడా స్పెక్టర్ దాడి చెయ్యొచ్చు.

ప్యాచ్ వేశాక దానంతటదే రీస్టార్ట్ అవుతోంది, లేదా అసలు లేవడం లేదు

మొదటి రోజుల్లో ఇది పెద్దవాళ్ళకీ జరిగింది. హాస్వెల్, బ్రాడ్‌వెల్ తరాల ఇంటెల్ ప్రాసెసర్లున్న మెషీన్లు కొత్త మైక్రోకోడ్‌తో మాటిమాటికీ రీబూట్ అవుతుంటే, 2018 జనవరి 22న ఇంటెలే ఆ మైక్రోకోడ్ పంచడం ఆపమంది. కొన్ని పాత ఏఎండీ మెషీన్లు విండోస్ ప్యాచ్‌తో లేవకపోతే మైక్రోసాఫ్ట్ వాటికి పంపడం కొన్నాళ్ళు ఆపింది. మీ లినక్స్ మెషీన్ ఇలా చేస్తే గ్రబ్ మెనూలో (స్టార్ట్ అయ్యేటప్పుడు ఏ కెర్నెల్ కావాలో అడిగేది) పాత కెర్నెల్‌తో లేపండి. దానితోనూ కుదరకపోతే మైక్రోకోడ్ మీద అనుమానపడండి. ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేదే అయితే, బూట్ లైన్లో ‘డిస్ అండర్‌స్కోర్ యూకోడ్ అండర్‌స్కోర్ ఎల్‌డీఆర్’ చేర్చితే ఆ ఒక్కసారికి ఎక్కదు. అప్పుడు బాగుంటే ప్యాకేజీని వెనక్కి తీసుకెళ్ళండి.

ఏం చేసినా ‘వల్నరబుల్’ పోవడం లేదు

ప్రాసెసర్ మరీ పాతదై ఉంటుంది. పెన్రిన్, వోల్ఫ్‌డేల్ లాంటి కోర్ 2 కాలం ప్రాసెసర్లకి మైక్రోకోడ్ ఇవ్వబోమని ఇంటెల్ 2018 ఏప్రిల్లోనే తేల్చేసింది. మెల్ట్‌డౌన్ వరకు కెర్నెల్ కాస్తుంది, మిగతావాటికి పూర్తి మందు లేదు. ఒక మిల్లులో కాటా దగ్గర అలాంటి మెషీనే ఉంది. కొత్తది కొనమంటే "తూకం బాగానే వస్తోంది కదండీ" అన్నారు. అదీ నిజమే. నెట్ వైరు పీకేసి, బ్రౌజర్ తీసేసి, తూకం చీటీలు తప్ప ఇంకేమీ చెయ్యకుండా కట్టేశాను. చీటీల లెక్క సాయంత్రం గుమస్తా ఆఫీసు కంప్యూటర్లో చేత్తో ఎక్కించుకుంటున్నాడు.