తెరిపి దొరికే దారి: మాజీ సైనికులను ఇంట్లో చూసుకునేవారు వీఏ రెస్పిట్ కేర్‌ను వాడుకోవడం ఎలా

అమెరికా సైన్యంలో పనిచేసి, శరీరానికి తగిలిన గాయంతోనో మనసును వదలని వేదనతోనో ఇంటికి చేరినవారిని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే భార్యకు, తల్లికి, కొడుక్కి తమకంటూ ఒక పూట మిగలడం కష్టం. అందరూ వీఏ అని పిలిచే అక్కడి మాజీ సైనికుల వ్యవహారాల శాఖ ఈ కుటుంబాల కోసం రెస్పిట్ కేర్ అనే సేవను నడుపుతోంది. వాన కాస్త తెరిపి ఇచ్చినట్లు, చూసుకునే మనిషికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరికేలా కొన్ని గంటలో కొన్ని రోజులో ఆ బాధ్యతను శిక్షణ పొందినవారు తీసుకోవడమే ఈ సేవ. అర్హత ఉండీ అడగని కుటుంబాలకు పనికివస్తుందని దీన్ని అడిగే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. నెలనెలా భత్యం అందుకునే సంరక్షకులకే విరామం ఇస్తారని అనుకునేవారున్నారు. ఆ భత్యం ఇచ్చే కార్యక్రమం వేరు. దానికి మాజీ సైనికుడి సేవా సంబంధిత వైకల్యం, అంటే సైన్యంలో పనిచేయడం వల్ల కలిగినదిగా వీఏ గుర్తించిన వైకల్యం, 70 శాతం లేదా అంతకు మించి ఉండాలి, కనీసం ఆరు నెలలపాటు ఎడతెగని వ్యక్తిగత సంరక్షణ అవసరమై ఉండాలి, 10-10సీజీ అనే దరఖాస్తు పెట్టుకోవాలి. 2018 నాటి మిషన్ చట్టం వల్ల 2022 అక్టోబరు 1 నుంచి అది అన్ని కాలాల మాజీ సైనికులకూ వర్తిస్తోంది. రెస్పిట్ కేర్ మాత్రం వీఏ ప్రామాణిక వైద్య సేవల్లోనే భాగం కనుక, వీఏ ఆరోగ్య సేవల్లో నమోదైన ఎవరికైనా, ఏ వయసువారికైనా, అవసరం ఉందని వైద్య బృందం నిర్ధారించి, ఆ ప్రాంతంలో సేవ అందుబాటులో ఉంటే, దక్కుతుంది. ఇంకా నమోదు కానివారు 10-10ఈజెడ్ దరఖాస్తుతో మొదలుపెట్టాలి.

ఒక క్యాలెండర్ సంవత్సరానికి 30 రోజుల వరకు ఈ సేవ లభిస్తుంది. అయితే ఆ రోజులను లెక్కించే తీరు తెలియకపోతే సగం వృథా అవుతాయి. సహాయకులు ఇంటికి వచ్చినప్పుడు ఒక్కో రాకలో గరిష్ఠంగా ఆరు గంటలు ఉంటారు. వారు రెండు గంటలే ఉండి వెళ్లినా అది ఒక రోజు కిందే జమ అవుతుంది. కాబట్టి కూరగాయలు తెచ్చుకోవడానికో బ్యాంకు పనికో ఒక రోజును ఖర్చు చేయకుండా, అలాంటి చిన్న పనులన్నిటినీ ఒకే రోజుకు చేర్చి, ఆరు గంటలూ అడగడం మంచిది. 30 రోజులను పూర్తిగా వాడుకుంటే 180 గంటలు అవుతాయి, అంటే నెలకు సగటున 15 గంటలు.

ఇంటికి సహాయకులు రావడం ఒక పద్ధతి కాగా, మాజీ సైనికుణ్ణి పగటిపూట సంరక్షణ కేంద్రానికి పంపడం రెండోది, నర్సింగ్ హోమ్‌లోనో వీఏ సొంత సంరక్షణ నివాసంలోనో కొన్ని రోజులు ఉంచడం మూడోది. సంరక్షకురాలికే శస్త్రచికిత్స జరగబోతున్నప్పుడో, ఊరు వెళ్లక తప్పనప్పుడో మూడోదే దారి. తొలిసారికి మాత్రం ఇంట్లోనే ప్రయత్నించడం మేలని నా అభిప్రాయం.

ఖర్చు గురించి భయపడనక్కర్లేదు. పరిహారం అందే స్థాయిలో సేవా సంబంధిత వైకల్యం ఉన్నవారికి ఈ సేవపై రుసుము ఉండదు. మిగిలినవారికి కూడా ఏ 12 నెలల వ్యవధిలోనైనా దీర్ఘకాలిక సంరక్షణలో (రెస్పిట్ కేర్ దాని కిందికే వస్తుంది) మొదటి 21 రోజులకు ఏమీ కట్టవలసిన పని లేదు. ఆపై ఎంత కట్టాలన్నది 10-10ఈసీ పత్రంలో చూపించే ఆర్థిక వివరాలను బట్టి తేలుతుంది.

అడగవలసింది వీఏ వైద్య బృందంలోని సోషల్ వర్కర్‌ను. ఎవరిని పట్టుకోవాలో తెలియనప్పుడు సంరక్షకుల సహాయ వాణి 855-260-3274కు ఫోన్ చేస్తే దగ్గరలోని వీఏ కేంద్రంలో ఉండే సంరక్షకుల సహాయ బృందంతో కలుపుతారు. అక్కడి మన తెలుగువాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇంట్లో ఎలా ఉందని అడగగానే, పెంపకంలో వచ్చిన మర్యాద కొద్దీ, "ఫర్వాలేదండీ, చూసుకుంటున్నాం" అనేస్తాం. ఆ ఒక్క మాటతో అవసరం లేదన్న అభిప్రాయం ఏర్పడుతుంది. కాబట్టి ఫోన్ చేయడానికి ముందు ఒక వారంపాటు రోజూ రాసుకోవాలి: రాత్రి ఎన్నిసార్లు లేచారు, స్నానానికి ఎంతసేపు పట్టింది, మంచం మీది నుంచి కుర్చీలోకి ఎన్నిసార్లు లేవనెత్తారు, మీ నడుం నొప్పి ఎప్పుడు మొదలైంది, మీ సొంత వైద్యుడి దగ్గరకు వెళ్లి ఎన్నాళ్లయింది. అలసిపోయామని చెప్పడం కంటే ఈ చిట్టా చదివి వినిపించడం ఎక్కువ పని చేస్తుంది. విజిటర్ వీసాపై ఇండియా నుంచి వచ్చిన అత్తగారో అమ్మో ఇంట్లో ఉంటే, ఆమె ఎప్పుడు తిరిగి వెళతారో కూడా ముందే చెప్పండి. లేకపోతే ఇంట్లో తోడు ఉన్నారనే లెక్క వేసుకుంటారు.

అనుమతి వచ్చాక అన్నిటికంటే శ్రద్ధ పెట్టవలసింది, వచ్చే సహాయకుల కోసం మీరు రాసిపెట్టే అప్పగింతల పుస్తకం మీద. మందుల పేర్లు, వేళలు అందులో ఉండాలి. సహాయకులు స్నానం, బట్టలు, భోజనం వంటి పనుల్లో తోడ్పడతారే తప్ప నర్సు చేయవలసిన పనులు చేస్తారని అనుకోకూడదు, ఏవి చేస్తారో ఏవి చేయరో వారిని పంపే ఏజెన్సీని ముందే అడగాలి. పీటీఎస్‌డీ (యుద్ధం వంటి భయానక అనుభవాల తర్వాత మనసును వదలని ఒత్తిడి రుగ్మత) ఉన్న మనిషి అయితే మందులకంటే ముఖ్యమైన విషయాలుంటాయి: నిద్రలో ఉన్నప్పుడు మీద చెయ్యి వేసి లేపకుండా కాస్త దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి, వెనుక నుంచి దగ్గరకు రాకూడదు, తలుపు కనిపించే కుర్చీ ఆయనదే. అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4న గానీ దీపావళికి గానీ చుట్టుపక్కల బాణసంచా కాలుస్తారు కనుక, ఆ రోజుల్లో కొత్త మనిషిని మొదటిసారి ఇంట్లోకి రప్పించకపోవడమే మంచిది. ఇంట్లో తుపాకీ ఉంటే తాళం వేసి, తాళంచెవిని దూరంగా ఉంచండి. ఆత్మహత్య ఆలోచనల సూచన కనిపిస్తే మాజీ సైనికుల అత్యవసర సహాయ వాణి కోసం 988కి ఫోన్ చేసి 1 నొక్కాలన్న మాటను మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయండి.

ఇక మాజీ సైనికుణ్ణి ఒప్పించడం. నన్ను ఎవరికో అప్పగించి పోతున్నారని ఆయన బాధపడవచ్చు, పరాయి మనిషి చేత స్నానం చేయించుకోవడం చిన్నతనంగా తోచవచ్చు. ముందు రోజు చెప్పి ఒప్పించాలని చూడకుండా, ఏ రోజు రావాలో, ఆడవారు రావాలో మగవారు రావాలో ఆయననే నిర్ణయించనివ్వండి. మొదటి రాకలో మీరు ఇంట్లోనే మరో గదిలో ఉండి విశ్రాంతి తీసుకోండి. రెండోసారి వీధి చివరిదాకా, మూడోసారి సినిమాకు వెళ్లవచ్చు.

తొలిరోజు సహాయకులు వెళ్లగానే, ఏది సరిపోయిందో ఏది సరిపోలేదో పుస్తకంలో రాసి, ఆ సాయంత్రమే ఏజెన్సీకి చెప్పండి. వచ్చిన మనిషి ఆయనకు నచ్చితే తర్వాతి రోజులకు కూడా వారినే పంపమని, కుదరకపోతే మార్చమని అడగడానికి మొహమాటపడకండి.