బడి గ్రాంటు లెక్క తల్లిదండ్రులు ఎలా చూడాలి: యాజమాన్య కమిటీ సభ్యులకు ఒక మార్గదర్శిని

ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీకి ఎన్నికైన తల్లిదండ్రులకు చాలాచోట్ల మొదట ఎదురయ్యే పని, ఇంటికి వచ్చిన తీర్మానాల పుస్తకంలో సంతకం చేయడం. మా అబ్బాయి చదివిన ప్రాథమిక పాఠశాల కమిటీలో నేను సభ్యుడిగా ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం బడి నుంచి ఆ పుస్తకం వచ్చింది. పెన్సిలుతో గుర్తుపెట్టిన చోట సంతకం చేయమన్నారు, చేశాను. పైన పేజీ అంతా ఖాళీ. కొన్ని నెలల తర్వాత చూస్తే, ఆ పేజీలో మరుగుదొడ్డి మరమ్మతు ఖర్చు రాసి ఉంది. మరుగుదొడ్డి కుళాయి మాత్రం అప్పటికీ గుడ్డపీలికతో కట్టే ఉంది. ఇంకే తల్లీ, ఇంకే తండ్రీ అలాంటి ఖాళీ పేజీ మీద సంతకం చేయకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా మీకున్న అధికారం ఏమిటో తెలుసుకోండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలై ఉండాలి. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, ప్రభుత్వం నుంచి గానీ స్థానిక సంస్థ నుంచి గానీ మరే దారిలో గానీ వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతోందో చూడడం కమిటీ బాధ్యతలని ఆ సెక్షనే చెబుతోంది. కాబట్టి లెక్క అడగడం హెడ్మాస్టరుగారిని అనుమానించడం కాదు. చట్టం మీకు అప్పగించిన పని అది. ఈ మాట మొదటి సమావేశంలోనే మర్యాదగా, అందరూ వినేలా చెప్పుకుంటే తర్వాత మనసులు నొచ్చుకోవు.

తర్వాత మీ బడికి ఎంత రావాలో లెక్క వేసుకోండి. సమగ్ర శిక్ష పథకంలో ఏటా ఇచ్చే కాంపోజిట్ స్కూల్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. 30 మంది వరకు ఉంటే 10,000 రూపాయలు, 31 నుంచి 100 మంది వరకు 25,000, 101 నుంచి 250 వరకు 50,000, 251 నుంచి 1,000 వరకు 75,000, ఆపైన లక్ష రూపాయల వరకు వస్తుంది. ఇందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే ఖర్చు చేయాలి. అంటే 92 మంది పిల్లలున్న బడికి 25,000 రావాలి, అందులో 2,500కు తగ్గకుండా మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే చోటు వంటివాటికి వెళ్లాలి. పిల్లల సంఖ్యలో ఒకరిద్దరి తేడా వల్ల బడి ఒక మెట్టు కిందికి జారిపోవచ్చు. అందుకే యూడైస్‌లో, అంటే బడుల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ డేటాబేసులో ఉన్న సంఖ్యను హాజరు పట్టీతో సరిచూడండి. డబ్బు విడతలుగా రావచ్చు కనుక ఏ విడత ఏ తేదీన జమైందో కూడా అడగండి.

మీ ఊరి బడికి వచ్చే సొమ్ము ఈ గ్రాంటు ఒక్కటే కాకపోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన మనబడి నాడు–నేడు పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారానే చేయించారు. తెలంగాణలో 2024 నుంచి మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పడి మరమ్మతు పనులు చూస్తున్నాయి. ఏ డబ్బు ఏ కమిటీ చేతుల మీదుగా వెళుతోందో విడివిడిగా రాసుకోకపోతే ఒకే పనికి రెండు లెక్కలు పుట్టుకొస్తాయి. విదేశాల్లో ఉన్న పూర్వ విద్యార్థులు పంపిన ఫ్యాన్లు, బెంచీలు కూడా స్టాక్ రిజిస్టరులో ఎక్కాలి.

ప్రణాళికను గదిలో కూర్చుని రాయకండి. నలుగురైదుగురు సభ్యులు కలిసి బడి అంతా తిరగండి. ప్రతి కుళాయి తిప్పి, ప్రతి స్విచ్ వేసి, బాలికల మరుగుదొడ్డి తలుపు గడియ లోపలి నుంచి పడుతుందో లేదో స్వయంగా చూడండి. ఆ గడియ సంగతి తండ్రులకు తట్టదు, తల్లులు మాత్రం మొదట చూసేది అదే. కూలికి వెళ్లే తల్లులు పగలు పదకొండు గంటల సమావేశానికి రాలేరు కనుక, వాళ్లు పొలం నుంచి వచ్చాక సాయంత్రం పెట్టమని గట్టిగా అడగండి. కోరం, అంటే సమావేశానికి కావలసిన కనీస హాజరు చూపడం కోసం సంతకాలు సేకరించడం కంటే, నిజంగా వచ్చినవారితో పది నిమిషాలు మాట్లాడడమే మేలు.

అన్నిటికంటే ముఖ్యమైనది తీర్మానం. ఖర్చుకు ముందే, సమావేశం జరుగుతుండగానే, తేదీ, పని పేరు, అంచనా మొత్తం, ఎవరు కొనాలి అన్నవి పుస్తకంలో రాయించి, బిగ్గరగా చదివించి, చివరి వరుస కింద గీత కొట్టించిన తర్వాతే సంతకం చేయండి. చదవడం రాని సభ్యులకు ఆ చదివి వినిపించడమే రక్షణ. పని పూర్తయ్యాక బిల్లు, ఓచరు, క్యాష్ బుక్ పద్దు, స్టాక్ రిజిస్టరు, ఈ నాలుగూ ఒకే మొత్తాన్ని చూపుతున్నాయో లేదో సరిపోల్చి, వచ్చినదీ ఖర్చయినదీ నోటీసు బోర్డు మీద రాయమనండి. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. చివరి వారంలో హడావుడిగా కొన్న వస్తువుల్లో పిల్లలకు పనికొచ్చేవి తక్కువ. అందుకని డిసెంబరుకే ఏది కొనాలో తేల్చుకోవాలి.

లెక్క చూపకపోతే ముందు కమిటీ పేరుతో హెడ్మాస్టరుగారికి రాతపూర్వకంగా అడిగి, మండల విద్యాధికారికి ప్రతి పంపండి. అప్పటికీ రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద క్యాష్ బుక్, బిల్లులు, తీర్మానాల ప్రతులను పేరుపేరునా కోరండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 'గ్రాంటు వివరాలు ఇవ్వండి' అని మొత్తంగా అడిగితే మొత్తంగానే జవాబు వస్తుంది కనుక, ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఏ రికార్డు అన్నది స్పష్టంగా రాయండి.

పదవీకాలం ముగిసేటప్పుడు కొత్తగా ఎన్నికైన సభ్యులను ఒక పూట కూర్చోబెట్టి, పుస్తకాలన్నీ ముందు పెట్టి, మిగిలిన నిల్వ ఎంతో, ఒప్పుకుని కూడా పూర్తికాని పనులు ఏవో చూపించి, అప్పగించినట్లు అదే తీర్మానాల పుస్తకంలో రెండు కమిటీల సంతకాలూ తీసుకోండి.