బౌండరీ వాటర్స్ కెనూ ట్రిప్: ప్లాన్ రెండో రోజే ఎందుకు చెడుతుంది? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

"అన్నా, మ్యాప్ మీద జానా బెత్తెడే ఉంది కదా, రెండో రోజు సాయంత్రానికి కూడా ఇన్సులా లేక్ చేరలేకపోయాం, ఎందుకంటావ్?" ప్రతి సమ్మర్‌లో ఇదే ప్రశ్న, అడిగేవాళ్ళు మారతారంతే. మిన్నెసోటాలో కెనడా బార్డర్‌ని ఆనుకుని ఉన్న బౌండరీ వాటర్స్ సంగతి ఇది. వెయ్యికి పైగా లేకులు, మధ్యలో నేల అడ్డొస్తే కెనూ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) నెత్తిన పెట్టుకుని నడిచి పక్క లేక్‌లో దింపాలి, ఆ నడక దారినే పోర్టేజ్ అంటారు. మినియాపొలిస్ నుంచి అక్కడి ఊరు ఈలీకి నాలుగు గంటల పైచిలుకు డ్రైవ్, కాబట్టి మనవాళ్ళు లాంగ్ వీకెండ్ వస్తే చాలు బయల్దేరతారు. తెడ్డు వేయడం, టెంట్ కట్టడం వచ్చనుకునే రాస్తున్నా, అవి ఇక్కడ చెప్పను.

సమస్య: బుకింగ్ ఉంది, కానీ పర్మిట్ చేతికి ఇవ్వలేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, లీడర్‌గా ఎవరి పేరుందో ఆయన రాలేదు. మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా రాత్రి ఉండాలంటే కోటా పర్మిట్ కావాలి, అది ఒక ఎంట్రీ పాయింట్‌కి (లోపలికి దిగే చోటుకి), ఒక తేదీకి, లీడర్ పేరుకి కట్టేసి ఉంటుంది, వేరేవాళ్ళకి మార్చడం కుదరదు. మనవాళ్ళు ఎవరి కార్డ్ దగ్గరుంటే వాళ్ళ పేరు కొట్టేస్తారు, ఆయనకి సరిగ్గా ఆ శుక్రవారమే ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ పడుతుంది. బుక్ చేసేటప్పుడే ఆల్టర్నేట్ లీడర్ల పేర్లు ఇచ్చేయండి. బుకింగ్ జనవరి చివరి బుధవారం ఓపెన్ అవుతుంది, మంచి ఎంట్రీలు వెంటనే పోతాయి, ఆ తర్వాత ఎవరైనా క్యాన్సిల్ చేస్తారేమో అని చూస్తూ కూర్చోవడమే. గ్రూప్‌కి 9 మంది, 4 కెనూలు, అంతే. పదోవాడు "నేనూ వస్తా" అంటే వాడికి వేరే పర్మిట్, వేరే క్యాంప్‌సైట్.

సమస్య: తెడ్డు బాగానే వేస్తున్నాం, గాలి కూడా లేదు, అయినా ప్లాన్‌లో సగం దూరం కూడా పోవట్లేదు

అసలు కథ ఇదే. అడిగితే చేతుల్లో బలం లేదంటారు, కెనూ బరువంటారు. దాంతో మరుసటి ఏడాది ఎక్కువ డబ్బులు పెట్టి తేలికైన కెవ్లార్ కెనూ అద్దెకి తెస్తారు (అల్యూమినియంది 70 పౌండ్ల దాకా ఉంటుంది, కెవ్లార్‌ది 40 చిల్లర, భుజానికి తేడా తెలుస్తుంది, కాదనను), మళ్ళీ అదే చోట ఆగిపోతారు. ఎందుకంటే లేటయ్యేది నీళ్ళ మీద కాదు, ఒడ్డు మీద.

ఈ రూట్ లేక్ వన్‌లో మొదలై టూ, త్రీ, ఫోర్, హడ్సన్ లేకులు దాటి ఇన్సులాకి వెళ్తుంది. హడ్సన్ లేక్ నుంచి ఇన్సులాకి పోర్టేజ్ మ్యాప్‌లో 105 అని ఉంటుంది. అవి రాడ్లు. రాడ్ అంటే 16.5 అడుగులు, ఇంచుమించు ఒక కెనూ పొడవు, 320 రాడ్లయితే మైలు. 105 అంటే మైల్లో మూడో వంతే కదా, పది నిమిషాల పని అనుకుంటారు. సామాను ఒక్క విడతలో అవతలికి చేరకపోతే? మోసుకుంటూ వెళ్ళాలి, ఖాళీగా వెనక్కి రావాలి, మళ్ళీ మోసుకుంటూ వెళ్ళాలి. 105 కాస్తా 315 అయింది, దాదాపు మైలు, అందులో రెండొంతులు బరువుతో, రాళ్ళూ వేర్లూ బురదా తొక్కుకుంటూ. మూడో విడత కూడా పడిందా, 525. రూట్ వేసినాయన ఎక్సెల్‌లో మాత్రం 105 అనే ఉంటుంది.

ఇంతవరకు కొంతమందికి తెలుసు. తెలిసినవాళ్ళు కూడా దెబ్బ తినేది ఎక్కడంటే, రెండో విడత పడేది బరువు వల్ల అనుకుంటారు. కాదు, విడి వస్తువుల వల్ల. నమ్మకపోతే మొదటి పోర్టేజ్ దగ్గర కాస్త నిలబడి చూడండి. లేక్ వన్ నుంచి లేక్ టూకి వెళ్ళేటప్పుడు 30 రాడ్లదొకటి, మధ్యలో చిన్న కుంట, తర్వాత 40 రాడ్లదొకటి వస్తాయి. కెనూలూ పెద్ద బ్యాగులూ మొదటి విడతలోనే వెళ్ళిపోయాయి. ఒడ్డున ఏం మిగిలింది? నాలుగు తెడ్లు, రెండు గాలాలు, ఉక్కపోస్తోందని విప్పేసిన లైఫ్ జాకెట్లు, సగం ఖాళీ అయిన కూలర్, మడత కుర్చీ, కవర్లో చెప్పులు, అరటిపళ్ళు, మసి పట్టిన గిన్నె, బ్లూటూత్ స్పీకర్. ఒక మనిషి మోసేంత బరువు కూడా ఉండదు, కానీ ఒక మనిషి చేతుల్లో పట్టవు, దానికోసం నలుగురూ వెనక్కి వస్తారు. పైగా ఎక్కించేటప్పుడు ఒక్కొక్కటీ అందించుకోవాలి, దించేటప్పుడూ అంతే, అందుకే పది రాడ్ల పోర్టేజ్ కూడా అరగంట తినేస్తుంది. లేక్ ఫోర్ దాటాక హడ్సన్ వైపు అలాంటి పొట్టివి వరసగా వస్తాయి, మధ్యాహ్నమంతా అక్కడే పోతుంది. మన సామాను పెళ్ళివారి విడిదిలా దారంతా పరిచి ఉంటే, వెనకాల వేరే గ్రూప్‌వాళ్ళు కెనూ నెత్తిన పెట్టుకుని దించే చోటు లేక నిలబడి ఉంటారు.

చెక్ చేయడం చాలా తేలిక. బయల్దేరే ముందు రోజు సామానంతా డ్రైవ్‌వే మీద పెట్టి, అందరూ ఎత్తుకోగలిగింది ఎత్తుకుని ఆ వీధి చివర దాకా వెళ్ళి రండి. ఎన్ని విడతలు పడితే పోర్టేజ్‌లోనూ అన్నే. చెప్పిన ప్రతిసారీ "ఆ, చూస్తాంలే అన్నా" అంటారు, ఒక్కరూ చూడరు. కార్ డిక్కీలో పట్టింది కదా అని ఊరుకుంటారు. డిక్కీలో పట్టడం వేరు, చేతుల్లో పట్టడం వేరు బాబూ!

సరిచేయడం ఎలాగంటే, భుజానికి తగిలించుకునే బ్యాగులు తప్ప విడిగా ఏదీ ఉండకూడదు. లైఫ్ జాకెట్ విప్పొద్దు, వేసుకునే నడవండి, బ్యాగ్ పట్టీల కింద మెత్తగా కూడా ఉంటుంది. తెడ్లు, గాలాలు కెనూ లోపలే సాగే బంజీ తాళ్ళతో కట్టేయండి. నీళ్ళ సీసాలు బ్యాగ్ లోపలికి. బూట్లు తడవకూడదు అనే పట్టుదల ఇంట్లో వదిలేసి రండి, కెవ్లార్ కెనూని రాళ్ళ మీదకి ఈడిస్తే పాడవుతుంది, మోకాలి లోతు నీళ్ళలో నిలబడే ఎక్కించాలి, దించాలి. కూలర్, కుర్చీ వద్దు. అంతే.

ఇద్దరే ఉండి, ఒక కెనూ, రెండు పెద్ద బ్యాగులు ఉంటే ఇంకో పద్ధతి ఉంది. ఒకరు కెనూతో చివరిదాకా వెళ్తారు. రెండోవాళ్ళు మొదటి బ్యాగ్ సగం దారిలో పెట్టేసి వెనక్కి వచ్చి రెండో బ్యాగ్ తీసుకుని చివరిదాకా వెళ్తారు. కెనూ దింపినాయన సగం వెనక్కి వచ్చి అక్కడున్న బ్యాగ్ తీసుకెళ్తాడు. ఇద్దరికీ మూడింతల బదులు రెండింతలే నడక, 315 బదులు 210. బ్యాగ్ మాత్రం దారికి అడ్డంగా కాకుండా పక్కన పెట్టండి.

తిండి గురించి. అక్కడ గాజు సీసాలు, డబ్బా క్యాన్లు తీసుకెళ్ళకూడదు, రూలే ఉంది. అమ్మ పంపిన ఆవకాయ గాజు సీసాలో ఉంటే చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి, నూనె కారకుండా రెండు జిప్‌లాక్ కవర్లు వేయండి, కారిందంటే స్లీపింగ్ బ్యాగ్ కూడా ఆవకాయ వాసనే. టిన్ను శనగల బదులు పౌచ్‌లో వచ్చేవి తీసుకోండి. ప్రెషర్ కుక్కర్ చూశాను నేను పోర్టేజ్ మీద, నిజంగా. వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, పులిహోర పేస్టు, కందిపొడి ఉంటే మూడు రోజులు హాయిగా గడుస్తాయి.

ఇవన్నీ చేసినా ప్లాన్ వేసేటప్పుడు పోర్టేజ్ అంకెల్ని మూడుతో గుణించే వేయండి, కొత్తవాళ్ళుంటే మొత్తం మీద గంటకో మైలు అనుకోండి. రెండు రాత్రులకి లేక్ త్రీ చాలు. ఇన్సులా ఎక్కడికీ పోదు.

సమస్య: క్యాంప్‌సైట్లన్నీ నిండిపోయాయి

పైదాని పర్యవసానమే ఇది. సైట్లకి బుకింగ్ ఉండదు, ముందొచ్చినవాళ్ళదే, ఇనప ఫైర్ గ్రేట్ (పొయ్యి) ఉన్న సైట్లో తప్ప ఇంకెక్కడా టెంట్ వేయకూడదు. మధ్యాహ్నం రెండింటికల్లా దొరికినచోట దిగిపోండి. ఇంకా బాగుండేది ముందుంటుందేమో అని ఐదింటి దాకా తిరిగితే అదీ పోతుంది.

సమస్య: గాలికి కెనూ తిరిగిపోతోంది

వెనక కూర్చున్నాయన బరువు, ముందు కూర్చున్నావిడ తేలిక, బ్యాగులు కూడా వెనకే. ముక్కు పైకి లేచి గాలికి పక్కకి కొట్టుకుపోతుంది, వెనకాయన ఎంత తెడ్డేసినా లాభం లేదు, ఇద్దరి మధ్యా గొడవ మాత్రం అవుతుంది. బరువైన బ్యాగ్ ముందుకి జరపండి. పెద్ద లేకులుంటే తెల్లారగానే దాటేయండి, అలల మీద నురగ కనిపిస్తే ఒడ్డునే ఆగండి.

సమస్య: మ్యాప్‌లో ఉన్న పోర్టేజ్ ఒడ్డున లేదు

ఉంది, మీరు వేరే బేలో (ఒడ్డు వంపులో) ఉన్నారు. లేక్ వన్‌లో ద్వీపాలూ మలుపులూ ఎక్కువ, మొదటి గంటలోనే చాలామంది తప్పుతారు. పోర్టేజ్‌లకి బోర్డులుండవు, చెట్ల మధ్య అరిగిన ఖాళీ కోసం వెతకాలి. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకున్నా సరే, పేపర్ మ్యాప్ ముందు కూర్చున్నవాళ్ళ ఒళ్ళో తెరిచి ఉండాలి, దాటిన ప్రతి ద్వీపం మీద వేలు పెట్టుకుంటూ పోవాలి. బ్యాగ్ అడుగున మడిచి పెట్టిన మ్యాప్ ఎందుకూ పనికిరాదు.

మిగతావి

ఎలుగుబంటి గురించి అందరూ అడుగుతారు, తిండిని బేర్ ప్రూఫ్ డబ్బాలో పెట్టండి లేదా చెట్టుకి ఎత్తులో వేలాడదీయండి, పర్మిట్ ఇచ్చేటప్పుడు ఎలాగో వాళ్ళే చెప్తారు. మూస్ (దుప్పి జాతి పెద్ద జంతువు) కనపడితే దూరం నుంచే చూడండి. జలగ పడితే గోరుతో జరిపేయండి. జూన్‌లో దోమలు తప్పవు, తలకి వల కొనుక్కోండి. నీళ్ళు ఫిల్టర్ చేయకుండా తాగొద్దు. మే నెలలో వెళ్తుంటే మాత్రం నీళ్ళు ఇంకా గడ్డకట్టే చల్లగానే ఉంటాయి, ఈత వచ్చినా పడితే కష్టం, ఒడ్డు పక్కనే వెళ్ళండి.