పుట్టిన బిడ్డ రొమ్ము సరిగ్గా పట్టట్లేదా, ముందు ఇవి చూడండి

మొదటి వారంలో ఇంట్లో అందరి నోటా ఒకటే మాట, పాలు చాలట్లేదు, అందుకే ఏడుస్తుంది అని. నిజంగానే పాలు తక్కువ పడే తల్లులు ఉంటారు, కాదనను, కానీ చాలామందికి అసలు తేడా పాలల్లో కాదు, బిడ్డ రొమ్ము పట్టుకునే తీరులో ఉంటుంది. అది చూడకుండా డబ్బాపాలు మొదలుపెడితే బిడ్డ రొమ్ము దగ్గర తాగేది తగ్గుతుంది, తాగేది తగ్గితే తయారయ్యే పాలూ తగ్గిపోతాయి, చివరికి నిజంగానే పాలు లేవు అనే పరిస్థితి వస్తుంది.

ఇంకోటి, మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలే. చిక్కగా, కాస్త పసుపుగా, ఒక్కోసారి పిండితే చెంచాడు కూడా రావు, అది చూసి కంగారు పడిపోతారు గానీ ఆ రోజుల్లో బిడ్డ పొట్టకి పట్టేది కూడా అంతే. ఎక్కువమందికి 2 నుంచి 5 రోజుల్లోపు పాలు బాగా పడతాయి, సిజేరియన్ అయినా, షుగర్ ఉన్నా, కాన్పులో రక్తం ఎక్కువ పోయినా ఇంకొంచెం లేట్ అవ్వొచ్చు.

ఇక పట్టించడం. మీరు వంగి రొమ్ముని బిడ్డ నోట్లో పెట్టడం కాదు, మీరు వెనక్కి ఆనుకుని హాయిగా కూర్చుని బిడ్డనే రొమ్ము దగ్గరికి తెచ్చుకోవాలి, లేకపోతే రెండు రోజుల్లో నడుం, మెడ పట్టేస్తాయి. బిడ్డ పొట్ట మీ పొట్టకి ఆనుకుని ఉండాలి, తల ఒకవైపు, ఒళ్ళు ఒకవైపు తిరిగి ఉంటే మింగలేదు. బిడ్డ ముక్కుకి ఎదురుగా చనుమొన ఉండేలా పట్టుకుని, పై పెదవికి మెల్లగా తగిలించి ఆగండి. నోరు కొంచెం తెరవగానే తోసేయకండి, ఆవలించినట్టు పెద్దగా తెరిచేదాకా ఆగి అప్పుడు టక్కున దగ్గరికి లాక్కోండి, గడ్డం ముందు తగలాలి. తల వెనక చెయ్యి పెట్టి నొక్కొద్దు, మెడ కింద, భుజాల దగ్గర పట్టుకుంటే చాలు, తల నొక్కితే చాలామంది పిల్లలు వెనక్కి విరుచుకుని ఏడుస్తారు.

సరిగ్గా పట్టిందో లేదో ఎలా తెలుస్తుందంటే, చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం కింద వైపు ఎక్కువ నోట్లోకి పోయి పై వైపు కాస్త కనిపిస్తూ ఉంటుంది, కింది పెదవి బయటికి తిరిగి ఉంటుంది, బుగ్గలు లోపలికి గుంట పడవు, మొదట గబగబా చప్పరించి తర్వాత నెమ్మదిగా మింగుతున్న శబ్దం వస్తుంది. మొదటి కొన్ని సెకన్లు లాగినట్టు అనిపించడం మామూలే. ఫీడ్ అంతా పళ్ళు బిగబట్టి భరించాల్సి వస్తుంటే మాత్రం పట్టు సరిగ్గా లేనట్టే, అలవాటైతే పోతుందిలే అని ఓర్చుకోకండి. మీ చిటికెన వేలు బిడ్డ నోటి మూల నుంచి లోపలికి పెట్టి పట్టు విడిపించి మళ్ళీ పట్టించండి. నోట్లోంచి తీశాక చనుమొన లిప్‌స్టిక్ కొనలా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంటే కూడా అదే గుర్తు. చనుమొన లోపలికి ఉన్నంత మాత్రాన పాలివ్వలేమని కాదు, బిడ్డ లాగాల్సింది మొనని కాదు, చుట్టూ ఉన్న రొమ్ముని. ఎన్నిసార్లు సరిచేసినా నొప్పి అలాగే ఉంటే నాలుక కింది పొర బిగుతుగా ఉందేమో డాక్టర్‌తో చూపించండి.

రోజుకి 8 నుంచి 12 సార్లు ఫీడ్ పడాలి, రాత్రుళ్ళు కూడా. ఏడ్చేదాకా ఆగితే అప్పటికే లేట్, నోరు తెరిచి వెతకడం, చేతులు నోట్లో పెట్టుకోవడం చూడగానే తీసుకోండి. సాయంత్రాలు గంటగంటకీ అడిగితే పాలు లేవని కాదు, చాలామంది పిల్లలు అంతే. కొందరు రొమ్ము పెట్టగానే నిద్రపోతారు, వాళ్ళకి బట్టలు తీసేసి మీ ఒంటికి ఆనించుకుని పడుకోబెట్టండి, డైపర్ మార్చండి, అరికాళ్ళు రుద్దండి, తాగడం ఆపినప్పుడు రొమ్ముని మెల్లగా నొక్కితే పాలు వచ్చి మళ్ళీ మింగడం మొదలుపెడతారు. పసికందు 3 గంటలు దాటి పడుకుంటే లేపి పట్టించాలి, పచ్చకామెర్లు ఉన్న బిడ్డ అయితే మరీను.

పాలు పడ్డాక రొమ్ములు రాయిలా గట్టిపడి బిడ్డకి నోట్లో పట్టకపోతే, చనుమొన చుట్టూ వేళ్ళతో మెత్తగా ఒక నిమిషం వెనక్కి నొక్కి, కొన్ని చుక్కలు చేత్తో పిండి అప్పుడు పట్టించండి. ఫీడ్ తర్వాత చల్లటి గుడ్డ వేసుకుంటే వాపు తగ్గుతుంది. గడ్డ ఉంది కదా అని గట్టిగా పిసకడం, పంపుతో మొత్తం ఖాళీ చేయడం వద్దు, వాపు పెరుగుతుంది. ఒకచోట ఎర్రగా వేడిగా ఉండి, చలిజ్వరం, ఒళ్ళునొప్పులు వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, యాంటీబయాటిక్స్ అవసరం పడొచ్చు, కానీ ఆ వైపు పాలివ్వడం మాత్రం ఆపక్కర్లేదు.

బిడ్డ ఎంత తాగిందో కొలిచే పని లేదు, డైపర్లు చూస్తే చాలు. మొదటి రోజు కనీసం 1 తడి డైపర్, రెండో రోజు 2, అలా పెరుగుతూ 5వ రోజు నుంచి రోజుకి 6 లేదా ఎక్కువ ఉండాలి, మోషన్ నలుపు నుంచి ఆకుపచ్చగా మారి 5వ రోజుకి పసుపులోకి రావాలి. మొదట్లో బరువు కొంచెం తగ్గడం మామూలే, రెండు వారాల్లోపు పుట్టినప్పటి బరువుకి వచ్చేయాలి. తగ్గింది 7 శాతం దాటితే ఫీడ్ ఒకసారి ఈ విషయం బాగా తెలిసిన నర్సుకో డాక్టర్‌కో చూపించాలి, 10 శాతం దాటితే అసలు లేట్ చేయొద్దు. డాక్టర్ పైపాలు ఇవ్వమంటే ఇవ్వండి, అందులో తప్పేం లేదు, ముందు మీ పాలే పిండి చెంచాతో పట్టించి చూసి, చాలకపోతే ఫార్ములా. పిండిన పాలు గది చల్లగా ఉంటే 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. బిడ్డ రొమ్ము పట్టనన్ని రోజులు ప్రతి 2, 3 గంటలకి పిండుతూనే ఉండండి, లేకపోతే పాలు తగ్గిపోతాయి. మంచినీళ్ళు, గ్లూకోజ్ నీళ్ళు మాత్రం పట్టొద్దు.

బిడ్డ లేపినా లేవకుండా మగతగా ఉన్నా, నోరు ఎండిపోయి తడి డైపర్లు బాగా తగ్గినా, కళ్ళు, ఒళ్ళు పసుపు పచ్చగా అవుతున్నా, జ్వరం 100.4 ఫారెన్‌హీట్ వచ్చినా, ఏ పట్టు మార్చాలా అని ఆలోచిస్తూ కూర్చోకుండా అప్పటికప్పుడు, అర్ధరాత్రైనా సరే హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.